నాన్న బరువు 54

రోజూ పొద్దున ఆరున్నరకి నాన్న నుంచి వాట్సాప్‌లో ఒక ఫొటో వస్తుంది. గుడ్ మార్నింగ్ పువ్వులు కాదు. బరువు చూసే మిషన్ మీద ఆయన పాదాలు, మధ్యలో అంకె. ఈరోజు 55.1. నిన్న డయాలసిస్ అయ్యాక ఒంట్లో చేరిన నీళ్లు లీటరు పైమాటే అన్నమాట. ఆ అంకె చూశాకే నేను టీ తాగుతాను.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. కొబ్బరితోటలకి ఎంత పేరో, కిడ్నీ జబ్బుకీ అంతే పేరు. నాన్నకి మంగళ, గురు, శనివారాలు డయాలసిస్. నాలుగేసి గంటలు.

పోయిన మే నెలలో బాబాయి కూతురి పెళ్లి శనివారం పడింది. "ఒక్కరోజుకి ఏటవుద్దిరా" అన్నాడు నాన్న. నేనూ ఆలోచించలేదు. మీటింగ్ రీషెడ్యూల్ చేసినంత తేలిగ్గా టెక్నీషియన్‌కి ఫోన్ చేసి సోమవారానికి మార్చమన్నాను. "గ్యాప్ ఎక్కువైపోద్ది సార్, వద్దు" అన్నా వినకుండా బతిమాలాను.

అసలే ఉక్క. పెళ్లిలో పప్పుచారు, ఆవకాయ, మజ్జిగ. మర్నాడు ఎండుచేపల కూర. గ్లాసు మీద గ్లాసు నీళ్లు. ఆదివారం సాయంత్రం దగ్గు మొదలైంది. జలుబేమో అని అమ్మ ఛాతీకి బామ్ రాసింది. రాత్రి ఒంటిగంటకి చూస్తే, నాన్న మంచం మీద కూర్చుని నోటితో గాలి లాక్కుంటున్నాడు. ఒళ్లంతా చల్లటి చెమటలు. "పడుకుంటే మునిగిపోతున్నట్టుందిరా" అన్నాడు.

108లో తీసుకెళ్లాం. ఆక్సిజన్ 82. డాక్టర్ ఎక్స్‌రే చూపించారు. నల్లగా కనిపించాల్సిన ఊపిరితిత్తులు పొగమంచు పట్టినట్టు తెల్లగా ఉన్నాయి. "ఇది జలుబు కాదు, నీళ్లు" అన్నారు.

కిడ్నీలు పనిచేయకపోతే తాగిన నీళ్లకి బయటికి దారి ఉండదు. రక్తంలో చేరతాయి, బీపీ పెరుగుతుంది. ఆ భారమంతా గుండె తోయాలి. ఏళ్ల తరబడి తోసి తోసి గుండె గోడ మందమై బిగుసుకుపోతుంది. ఇక తోయలేనప్పుడు రక్తం ఊపిరితిత్తుల్లో నిలిచిపోయి, గాలి ఉండాల్సిన చోట నీరు ఊరుతుంది. నాన్న ఎకోలో ఆ మందం అప్పటికే ఉంది.

అదనపు నీరు లేనప్పటి బరువుని డ్రై వెయిట్ అంటారు. నాన్నది 54 కిలోలు. ఆ రాత్రి 58.6. "మొత్తం ఒకేసారి తీసేయండి డాక్టర్" అన్నాను. కుదరదన్నారు. కిలో బరువుకి గంటకి 13 మిల్లీలీటర్లు మించి లాగితే బీపీ పడిపోయి గుండెకే దెబ్బ. నాన్న బరువుకి లెక్కేస్తే నాలుగు గంటల్లో 2.8 లీటర్లు. మిగతాది మర్నాడు తీశారు. మధ్యలో ఆ రాత్రంతా ఆక్సిజన్ మాస్కు వైపు చూస్తూ కూర్చున్నాను. ఆ ఫోన్ చేసింది నేనే కదా.

అప్పటిదాకా నీళ్లు తాగొద్దని నాన్నని కసిరేవాణ్ణి. అసలు దొంగ ఉప్పు. ఉప్పు తిన్నవాడికి దాహం ఆపడం ఎవరి తరమూ కాదు. "లో సోడియం ఉప్పు కొంటాను" అంటే డైటీషియన్ కంగారుపడ్డారు. అందులో పొటాషియం ఉంటుంది, డయాలసిస్ వాళ్లకి గుండె ఆగిపోయే ప్రమాదమట.

ఇప్పుడు ఇంట్లో పచ్చళ్లూ ఎండుచేపలూ లేవు. పొద్దున్నే 750 మిల్లీలీటర్ల సీసా నింపుతుంది అమ్మ. నాన్న కప్పు టీ తాగితే సీసాలోంచి కప్పు నీళ్లు ఒంపేస్తుంది. చారుకీ మజ్జిగకీ అంతే. ఇది నాన్నకి డాక్టర్ చెప్పిన లెక్క. మీ ఇంట్లో వాళ్లకెంతో వాళ్ల డాక్టర్నే అడగండి. కానీ పాదాలు వాచినా, పడుకుంటే దగ్గొచ్చినా, ఎత్తుగా దిండ్లు వేసుకోవాల్సి వచ్చినా తర్వాతి డయాలసిస్ దాకా ఆగకండి. వెంటనే ఫోన్ చేయండి. ఆయాసమైతే నేరుగా హాస్పిటల్‌కే.

మొన్న నా పెళ్లి ముహూర్తానికి పంతులుగారు వచ్చారు. పంచాంగం తెరిచి, "శనివారం దివ్యంగా ఉందండీ" అన్నారు. నేను నోరు తెరిచేలోపే నాన్న అడ్డుపడ్డాడు.

"మంగళ, గురు, శని వద్దండి పంతులుగారూ. నాకు డ్యూటీ."

బుధవారం ఖాయమైంది.