నాలుగో వచనం దగ్గర



మన సండేస్కూల్లో 119వ కీర్తన, 176 వచనాలూ ఒప్పజెప్పిన అబ్బాయి ఒకడున్నాడు. ఇంటర్‌కని టౌనుకి వెళ్లాడు. సెలవులకొచ్చినప్పుడు కుటుంబ ప్రార్థనలో 23వ కీర్తన చెప్పమన్నాను. ఆరే వచనాలు. నాలుగోదాని దగ్గర ఆగిపోయాడు. వాళ్లమ్మ అందించబోతే వద్దని సైగ చేశాను. తప్పు నాదే, అందరిముందు వాడు తల దించుకున్నాడు.

మర్నాడు చెరువుగట్టున చెప్పాడు. “గంజాయి అయ్యగారూ. రెండేళ్లయింది. కింది లైను చదివేసరికి పై లైను గుర్తుండట్లేదు.”

వాక్యం ఎత్తబోయి ఆగాను. ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. గంజాయిలోని టీహెచ్‌సీ, కొత్త జ్ఞాపకాలను నిలిపే హిప్పోకాంపస్ అనే మెదడు భాగం మీద పనిచేస్తుంది. మెదడు దాదాపు 25 ఏళ్లదాకా ఎదుగుతూనే ఉంటుంది గనుక ఈ వయసులో నష్టం ఎక్కువ. మానేస్తే చాలామందికి కొన్ని వారాల్లోనే జ్ఞాపకశక్తి మెరుగవుతుందట.

“ఆకే కదా, దేవుడు పుట్టించిందే కదా” అని మన యవనస్థులే అంటున్నారు. ఉమ్మెత్తనూ ఆయనే పుట్టించాడు.

మానేసి ఇరవై రోజులైంది. రోజూ సాయంత్రం ఒక్క వచనం చదువుకుంటున్నాం. కొన్ని నిలుస్తున్నాయి, కొన్ని జారిపోతున్నాయి. ఇది వాడే రాయమన్నాడు. ఎవరని అడగకండి. మీ ఇంట్లోనూ ఇలా ఉంటే నా దగ్గరికి రండి, లేదా 14446కి ఫోన్ చేయండి. ఈసారి నేను సైగ చేయను.