దూది పరుపు

రైతు ఇంట్లో ఎలుకకు మర్యాద ఉండదు. గాదె కింద బోను పెట్టేదీ, అటకమీద పిల్లిని తిరగనిచ్చేదీ దాని కోసమే. అలాంటి మా ఇంటికి కిందటి సంవత్సరం నవంబరు చివర్లో ఎలుక జాతి ప్రాణి ఒకటి చుట్టంగా వచ్చింది. భూపాలపల్లిలో బస్సెక్కి, పరకాల మీదుగా హనుమకొండ చేరి, అక్కడ మరో బస్సు మారి, మా తమ్ముడి ఒడిలో పంజరంలో కూర్చుని జనగామలో దిగింది.

దాన్ని హ్యామ్‌స్టర్ అంటారట. తోక ఉందా లేదా అన్నట్టుంటుంది. బంగారు రంగు బొచ్చు, నల్లపూసల్లాంటి కళ్ళు, గుప్పిట్లో పట్టేంత ఒళ్ళు. పల్లీలంటే ప్రాణమని మా మేనల్లుడు దానికి 'పల్లి' అని పేరు పెట్టుకున్నాడు. మా తమ్ముడు సింగరేణిలో పనిచేస్తాడు. మా మరదలికి ఆపరేషను చేయించవలసి వచ్చి వేలూరు ప్రయాణమయ్యారు. పిల్లవాణ్ణి ఎక్కడా విడిచిపెట్టలేక వెంట తీసుకుపోతున్నారు. పల్లిని మాత్రం అంత దూరం రైల్లో తీసుకుపోలేక మాకు అప్పగించారు.

పదేండ్ల పిల్లవాడు వాళ్ళమ్మ జబ్బు గురించి ఒక్కమాట అడగలేదు. పంజరం నా చేతికిచ్చి, "అత్తమ్మా, దీనికి సలి పెట్టకుండ సూడు" అన్నాడు. వాడు నాకు చెప్పినది అంతే. ఆ మాటనే నేను గట్టిగా పట్టుకున్నాను.

ఆ రోజుల్లో మా ఇంటి ముందరి గదంతా పత్తి. తీసిన పత్తిని ధర కోసం ఆపి కుప్ప పోశాం. పక్కగదిలో పంజరం, దాని అడుగున ఒక అంగుళం మందాన రంపపు పొట్టు. తెల్లవారుజామున చలికి మేమే దుప్పట్లు ముసుగు పెట్టుకుంటుంటే ఆ ప్రాణి పొట్టులో ముక్కు పెట్టి ముడుచుకుని ఉంది. నాకు మనసొప్పలేదు. కుప్పలోంచి రెండు పిడికిళ్ళ పత్తి తీసి, గింజ ఏరి, వేళ్ళతో విడదీసి, పొంగేలా చేసి పంజరంలో పరిచాను. పల్లి ఆ దూదిని రెండు బుగ్గల్లో కుక్కుకుని మూలకు మోసుకుపోయి గుండ్రంగా గూడు కట్టుకుంది. ఇంటిల్లిపాదీ నిలబడి చూశాం. "మనకన్న మంచిగ పండుకున్నది" అన్నారు మా అత్తగారు. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను.

మూడోనాటి ఉదయం అది గూట్లోంచి బయటికి రాలేదు. పల్లీ గింజ చూపించినా కదలలేదు. చేతిలోకి తీద్దామంటే దూది కూడా వెంట వచ్చింది. సన్నని పోగు ఒకటి వెనుక కాలికి చుట్టుకుని, అది గుంజుకున్న కొద్దీ బిగుసుకుని, చర్మంలోకి దిగిపోయింది. పాదం ఉబ్బి నల్లబడింది.

పశువైద్యుని దగ్గరకు పరుగెత్తాం. ఆయన దగ్గర అప్పటికే రెండు బర్రెలు, ఒక మేక వరుసలో ఉన్నాయి. నేను కొంగులోంచి పల్లిని తీసేసరికి అక్కడున్న వాళ్ళంతా నవ్వారు. ఆయన నవ్వలేదు. కళ్ళద్దాలు సర్దుకుని, సూది మొనతో పోగును పైకెత్తి, చిన్న కత్తెరతో ఒక్కొక్కటే తెంపారు. "దూది వేశారా అమ్మా?" అని మాత్రం అడిగారు. నేను తల ఊపాను. కాలు దక్కింది గానీ వారం రోజుల్లో రెండు వేళ్ళు ఎండి రాలిపోయాయి.

ఆ సాయంత్రమే వేలూరు నుంచి ఫోను. మరుసటి ఉదయం మరదలికి ఆపరేషను. పిల్లవాడు ఫోను అందుకుని, "అత్తమ్మా, పల్లి మంచిగున్నదా? మెత్తగ పండుకుంటున్నదా?" అన్నాడు. "మంచిగున్నది బిడ్డా" అన్నాను. తల్లి కోసం బెంగపడుతున్న పిల్లవాడికి ఈ కబురెందుకని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి సగం అదే. మిగతా సగం, తప్పు నాదని చెప్పుకోవడానికి నోరు రాకపోవడం. ఆదివారం ఆరాధనలో మరదలి కోసం ప్రార్థన చేయించాను. ఎలుక సంగతి అందరిలో చెప్పడానికి మాత్రం సిగ్గుపడ్డాను.

మహబూబాబాదు దగ్గర మా అక్క నాటుకోళ్ళు పెంచుతుంది. పిల్లల్ని పొదిగించి అమ్ముతుంది కూడా. ఆమెకు ఫోను చేస్తే మొదట తిట్టింది. "పొదుగుకు కూసున్న కోడికింద ఎప్పుడన్న దూది ఏసినమా చెల్లె? గంపల గడ్డి ఏస్తం, ఉనుక ఏస్తం. కోడికాళ్ళకు పోగు సుట్టుకుంటదని మన అమ్మ చెప్పలేదా?" చెప్పే ఉంటుంది. కోడి విషయంలో తెలిసినది బంగారు రంగు బొచ్చు కనబడగానే మరచిపోయాను. ముద్దొచ్చేదానికి మనకు మెత్తగా తోచినదే పరుస్తాం.

అక్క కూతురు వరంగల్ దగ్గర మామునూరు పశువైద్య కళాశాలలో చదువుతోంది. ఆ పిల్ల రెండు ఆదివారాలు మా ఇంటికి వచ్చి నాకు చాలా సంగతులు చెప్పింది. దూది కాళ్ళకు చుట్టుకోవడం ఒక ప్రమాదమైతే, బుగ్గసంచుల్లో కుక్కుకున్నప్పుడు మింగుడుపడి పేగులో అడ్డుపడటం ఇంకో ప్రమాదమట. అది జరిగితే బయటికి ఏమీ కనబడదు, ప్రాణి తినడం మానేస్తుంది, అంతే. ఇంగ్లండులో జంతువుల సంరక్షణ చూసే ఆర్.ఎస్.పి.సి.ఎ. అనే సంస్థ కూడా ఇలాంటి పొంగు దూదిని హ్యామ్‌స్టర్లకు వాడవద్దనే చెబుతోందట.

"మరి దానికేం కావాలే?" అన్నాను విసుగ్గా. దానికి ఆ పిల్ల చెప్పిన కథ నాకు చాలా నచ్చింది. 1930లో యెరూషలేములోని హీబ్రూ విశ్వవిద్యాలయానికి చెందిన అహరోని అనే జీవశాస్త్రవేత్త సిరియా దేశంలో అలెప్పో పట్టణం దగ్గరకు వెళ్ళి, అక్కడి కూలీలతో ఒక గోధుమ చేనులో తవ్వించాడు. దాదాపు ఎనిమిది అడుగుల లోతున గూడు దొరికింది. అందులో ఒక తల్లి, 11 పిల్లలు. వాటిని యెరూషలేముకు తెచ్చారు. దారిలోనూ, తెచ్చిన తరువాతా కొన్ని చచ్చాయి, కొన్ని పెట్టె అడుగు చెక్కను కొరికి పారిపోయాయి. మిగిలిన కొద్దిపాటి వాటి సంతానమే దేశదేశాలకు వెళ్ళింది. ఇప్పుడు ఇళ్ళలో పెంచుతున్న బంగారు హ్యామ్‌స్టర్లలో అత్యధిక భాగం ఆ ఒక్క గూటి పిల్లలవేనట.

ఎనిమిది అడుగులు! మన చేలల్లో పందికొక్కు బొరియ తవ్వినవాళ్ళకు ఈ మాట అర్థమవుతుంది. లోపల వరి కంకులు దాచుకుని, దారులు మార్చుకుని, కాపురం పెట్టిన తీరు మనం చూసినదే. ఇదీ అటువంటి ప్రాణే. దానికి కావలసినది మీద పరుచుకునే పరుపు కాదు, తవ్వుకునే నేల. స్విట్జర్లాండులోని బెర్న్‌లో కొందరు పరిశోధకులు హ్యామ్‌స్టర్లను 10, 40, 80 సెంటీమీటర్ల లోతు పొట్టులో వేరువేరుగా ఉంచి చూసి, 2006లో ఆ సంగతి ప్రచురించారు. 10 సెంటీమీటర్లలో ఉన్నవి పంజరం ఊచల్ని ఎక్కువగా కొరికాయట. మా పల్లి రాత్రంతా ఊచలు కొరుకుతుంటే ఆకలి అనుకుని నేను లేచి లేచి గింజలు వేశాను. నేను వేసినవన్నీ అది బుగ్గల్లో దాచుకుని, మళ్ళీ ఊచల దగ్గరకే వచ్చేది.

ఇక ఏం వేయాలన్న ప్రశ్న. మన పల్లెల్లో చేతికి తేలికగా దొరికేవి మూడు. రంపపు పొట్టు, ఉనుక, గడ్డి. కోత మిషను దగ్గర పొట్టు ఉచితంగా ఇస్తారు గానీ అది ఏ కట్టెదో, దానికి ఏ మందు పూశారో తెలియదు. ప్లైవుడ్ అయితే జిగురు కూడా కలుస్తుంది. సన్నని పొట్టు ముక్కులోకి పోతుంది. బైబిలు చదివేవాళ్ళకు దేవదారు పేరు పరిచయమే కదా, ఆ జాతి కట్టె, పైన్ కట్టె మంచి వాసన వేస్తాయి. ఆ వాసనే చిన్న ప్రాణుల ఊపిరితిత్తులకూ కాలేయానికీ చేటు. ఆపిల్ పండ్లు వచ్చే పెట్టెల చెక్క ఏ కట్టెదో తెలియదు కాబట్టి దాన్ని చెక్కి వేయకూడదు.

ఉనుక గురించి అక్క మాటే ఖాయం. కోడిపిల్లలకు ఉనుక పోసినా, మొదటి రోజుల్లో ఏరుకుని తినకుండా దానిమీద కాగితం పరుస్తుంది. ఒక వానకాలం తడిసి బూజు పట్టిన ఉనుక పోసి, పిల్లలు నోళ్ళు తెరిచి రొప్పి రొప్పి చచ్చిపోవడం చూసిందట. పల్లి అయితే ఉనుకను బుగ్గల్లో కుక్కుకుంటుంది, దాని మొనలు గుచ్చుకుంటాయి. కనుక అదీ వద్దు.

చివరికి మేము చేసినది ఇది. పంజరం పక్కన పెట్టి, ధాన్యం కొలిచే రోజుల నాటి పెద్ద ప్లాస్టిక్ టబ్బు కడిగి ఆరబెట్టాం. జనగామ దుకాణంలో అచ్చు లేని, వాసన లేని తెల్లని పేపరు చుట్టలు కొని, ఇంటిల్లిపాదీ కూర్చుని చింపాం. ఆ పేపరు తడిస్తే విడిపోతుంది గానీ పోగులా చుట్టుకోదు. మందు కొట్టని గట్టు మీది మెత్తని గడ్డి కోసి, బాగా ఎండబెట్టి, దులిపి కలిపాం. గడ్డి కలిస్తే తవ్విన దారి కూలిపోకుండా నిలుస్తుంది. ముందు తెల్లని గుడ్డ మీద గడ్డిని దులిపి చూడమని అక్క కూతురు చెప్పింది. దుమ్ము మరక పడితే పనికిరాదు. అడుగున్నర లోతున అదిమి నింపి, ఒక మూల పగిలిన చిన్న కుండను అడ్డంగా పెట్టాం. పిల్లి భయానికి పైన జాలీ కట్టాం.

నేను చేయబోయిన మరో పొరపాటును కూడా ఆ పిల్ల ఆపింది. శుభ్రం పేరుతో ప్రతి శనివారం అంతా తీసి పారేసి కొత్తది వేద్దామనుకున్నాను. అలా చేస్తే దాని సొంత వాసన పోయి, కొత్త ఇంట్లో పడేసినట్టు బెదిరిపోతుందట. అది మూత్రం పోసే మూల ఒకటే ఉంటుంది. ఆ మూలది మాత్రం రోజూ తీసేయాలి, లేకపోతే కోళ్ళ షెడ్డులో కళ్ళు మండించే వాసన ఇక్కడా పుడుతుంది. మిగతాది ఎప్పుడు మార్చినా పాతది కొంత ఉంచాలి.

మొదటి రాత్రి పల్లి కుంటుతూ టబ్బంతా తిరిగి, ఒకచోట తవ్వడం మొదలుపెట్టి మాయమైపోయింది. రెండు రోజులు కనబడలేదు. పెట్టిన గింజలు మాత్రం తెల్లవారేసరికి ఉండేవి కావు. మళ్ళీ ఊచలు కొరికే చప్పుడు ఎలాగూ లేదు, ఊచలే లేవు కదా. కానీ జాలీని కూడా ముట్టలేదు.

దేవుని దయవల్ల మరదలికి ఆపరేషను క్షేమంగా జరిగింది. జనవరి రెండో వారంలో తిరుగు ప్రయాణంలో మా ఇంట్లో ఆగారు. పిల్లవాడు చెప్పులు కూడా విప్పకుండా టబ్బు దగ్గరకు ఉరికాడు. పల్లీ గింజ పట్టుకుని పిలిస్తే అది సొరంగంలోంచి ముక్కు బయట పెట్టి, వాడి అరచేతిలోకి ఎక్కింది. వాడు దాన్ని తిప్పి చూశాడు.

"అత్తమ్మా, ఈ కాలు ఏమైంది?"

అందరి ముందూ చెప్పాను. నేనే దూది వేశాననీ, ఆపరేషను ముందురోజు సాయంత్రం నీతో అబద్ధమాడాననీ చెప్పాను. మా తమ్ముడు "పోనీలే అక్కా" అన్నాడు గానీ నేను పిల్లవాడి ముఖమే చూస్తున్నాను. వాడు చాలాసేపు ఏమీ అనలేదు. ఆ కాలిని వేలితో మెల్లగా నిమిరి, "నొప్పి పెట్టిందా దానికి?" అన్నాడు. "పెట్టే ఉంటది బిడ్డా" అన్నాను. మళ్ళీ ఏమీ అనకుండా పల్లిని టబ్బులో దింపి, తన సంచి తెరిచి, అడుగునుంచి ఒక ప్యాకెట్టు తీసి నా చేతిలో పెట్టాడు. దారిలో ఒక దుకాణంలో పల్లి కోసం కొన్నాడట. మీద హ్యామ్‌స్టర్ బొమ్మ, లోపల తెల్లగా పొంగిన దూది.

"ఇది గూడ వద్దా?" అన్నాడు.

ఆ దూదితో నేను సూదులు గుచ్చుకునే దిండు ఒకటి కుట్టుకున్నాను. టబ్బు మాత్రం వాళ్ళతోపాటే బస్సు మీదికెక్కి భూపాలపల్లి వెళ్ళింది.