అష్టభోగాల్లో లేని స్తంభం

పాత దస్తావేజుల్లో జాగా అమ్మేటప్పుడు నిధి, నిక్షేపం, జలం, పాషాణం అంటూ అష్టభోగాలూ కలిపి రాసిచ్చేవాళ్లు. తవ్వితే లంకెబిందెలు దొరికినా, రాయి తగిలినా, నీళ్లు పడినా అన్నీ కొన్నవాడివే. ఇప్పుడు ఆ వరస పల్చబడింది గానీ, తూర్పున ఫలానావారి ఇల్లు, పడమర రాస్తా అన్న హద్దులు మాత్రం తప్పవు. నందికొట్కూరులో ఐదు సెంట్లు కొన్న మనిషి ఆ కాగితాన్ని ఎన్నిసార్లు తిరగేసినా ఒక్క సంగతి కనపడదు. జాగా మూలన సిమెంటు కరెంటు స్తంభం ఒకటి పాతి ఉంది, దాన్ని నిలబెట్టే స్టే వైరు సరిగ్గా వంటిల్లు రావలసిన చోట భూమిలోకి దిగింది. ఈసీ (భారాల ధ్రువపత్రం) తీయించినా లాభం లేదు. తనఖా ఉంటే ఈసీలో తేలుతుంది, స్తంభం తేలదు. ఎప్పుడో దొరకబోయే లంకెబిందెలకు చోటిచ్చిన కాగితంలో కళ్లెదుట ఉన్న స్తంభానికి చోటు లేదు. ఇల్లు మొదలుపెట్టే రోజున విద్యుత్ సంస్థ సెక్షన్ ఆఫీసుకు పోతే జవాబు సిద్ధంగా ఉంటుంది: ‘ఎస్టిమేట్ వేస్తాం, డబ్బు కట్టండి, జరుపుతాం.’ అడిగినవాడే కట్టాలన్నది వాడుకలో స్థిరపడిపోయింది. నా అభ్యంతరం ఆ వాడుక మీదే. ఖర్చు ఎవరు పెట్టాలి అనేది రెండో ప్రశ్న. ఆ స్తంభం అక్కడికి ఎలా వచ్చింది అనేది మొదటిది. మొదటిదానికి జవాబు లేకుండా రెండోది అడగడం న్యాయం కాదు.

స్తంభాలు దురుద్దేశంతో వచ్చినవి కావు. 1959లో ఆంధ్రప్రదేశ్ విద్యుత్ బోర్డు ఏర్పడ్డాక పల్లెలకు కరెంటు ఇవ్వడమే పెద్ద పని. లైను ఎటు దగ్గరైతే అటు లాగారు. అప్పటి ఊరి చివరి బీళ్లు ఇప్పుడు ఊరి నడుమ ప్లాట్లు. పైగా ఇక్కడి ఇళ్ల తీరు కూడా కలిసొచ్చింది. రాయలసీమ పాత మట్టి మిద్దె మహా అయితే మూడు మీటర్ల ఎత్తు. ఎల్‌టీ (లో టెన్షన్) లైనుకు వాడే ఎనిమిది మీటర్ల స్తంభంలో మీటరున్నర భూమిలోకి పోగా ఆరున్నర మీటర్లు పైకి ఉంటుంది. తీగ సాగి కాస్త కిందికి వేలాడినా, మిద్దెకూ తీగకూ మధ్య నిబంధనలు కోరే రెండున్నర మీటర్ల ఎడం ఎలాగో సరిపోయేది. ఇప్పుడు అదే మిద్దె పడగొట్టి స్లాబు వేసి, పైన ఇంకో అంతస్తు లేపితే పిట్టగోడ నేరుగా తీగ దగ్గరికే పోతుంది. పదకొండు కేవీ లైనైతే పైన 3.7 మీటర్లు, పక్కన 1.2 మీటర్లు వదలాలి. స్తంభం పెరగలేదు, ఇల్లు పెరిగింది. ద్వారం ఎదురుగా స్తంభం ఉంటే ద్వారవేధ అని వాస్తు సిద్ధాంతిని పిలిచే మనం, తీగకూ పిట్టగోడకూ మధ్య టేపు పెట్టి కొలవడానికి ఎవరినీ పిలవం. ఇది మన తప్పే.

ఇక చట్టం సంగతి. జాగా యజమానికి అందులో హక్కే లేదని ఊళ్లో అనుకునేంత మొండిగా అది లేదు. 1910 నాటి విద్యుత్ చట్టం ప్రకారం ప్రైవేటు స్థలంలో లైను వేయాలంటే యజమాని సమ్మతి కావలసి ఉండేది. ఆయన కాదంటే స్తంభానికీ స్టేకూ కలెక్టరు రాతపూర్వక ఉత్తర్వు కావలసి ఉండేది. యజమాని తగిన కారణం చూపితే తర్వాత తీయించే అధికారం కూడా కలెక్టరుకే ఉండేది. మంజూరైన పథకాల కోసం విద్యుత్ బోర్డులకు 1948 చట్టం టెలిగ్రాఫ్ అధికారాలిచ్చింది. 2003 చట్టం 164వ సెక్షన్ కింద ప్రభుత్వం వాటినే ఇప్పటి సంస్థలకూ ఇవ్వవచ్చు. ఆ అధికారం ఉన్నచోట ముందస్తు సమ్మతి అక్కర్లేదని పవర్‌గ్రిడ్, సెంచురీ టెక్స్‌టైల్స్ కేసులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. అక్కడితో కథ ముగిసిందని చాలామంది అనుకుంటారు. కానీ ఆ అధికారాలు పుట్టిన 1885 టెలిగ్రాఫ్ చట్టాన్నే విప్పి చూడండి. స్తంభం పాతినంత మాత్రాన సంస్థకు భూమి మీద వాడుక హక్కు తప్ప మరేదీ రాదని, నష్టానికి పూర్తి పరిహారం ఇవ్వాలని 10వ సెక్షన్ అంటుంది. 17వ సెక్షన్ ఇంకా ముందుకు పోయింది. యజమాని తన స్థలాన్ని వాడుకోవడానికి అవసరమైతే స్తంభాన్ని అదే స్థలంలో మరో పక్కకు జరపమని అడగవచ్చు. గతంలో పరిహారం పుచ్చుకుని ఉంటే జరిపే ఖర్చు గానీ, ఆ పరిహారంలో సగం గానీ, ఏది తక్కువైతే అది కట్టాలి. మరి పైసా పరిహారం పుచ్చుకోని మనిషి సంగతేమిటి? ఆయన కట్టాలని ఆ సెక్షన్‌లో ఎక్కడా లేదు. తెల్లదొరల కాలం చట్టం ఇంత ఉదారంగా ఉంటే, స్వరాజ్యం వచ్చాక స్థిరపడిన వాడుక అంతకంటే కరుకుగా ఉండటం విచిత్రం.

భద్రతా నిబంధనలదీ ఇదే ధోరణి. ఉన్న లైను దగ్గర కొత్తగా కట్టదలచినవాడు ముందుగా సరఫరా సంస్థకూ, ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరుకూ రాసి తెలపాలి. ఇది యజమాని బాధ్యత, తప్పించుకోరానిది. కట్టేశాక గగ్గోలు పెట్టేవాళ్ల మీద నాకు జాలి తక్కువ. వాళ్లు కట్టింది తమ ప్రాణాల మీదకే కాదు, సెంట్రింగు కర్రలు మోసే కూలీ ప్రాణాల మీదకు కూడా. అయితే ఆ కాగితం అందాక సంస్థ చేయాల్సిన మొదటి పని ఎస్టిమేట్ కాదు. లైను నిబంధనల ప్రకారం వేసిందా, మార్పు ఖర్చు నిజంగా ఈ మనిషి భరించాల్సిందేనా అన్నది చూడాలి, ఆ తర్వాతే నోటీసు. ఆ బాధ్యత తనది కాదని యజమాని వాదిస్తే, తగాదా పోవాల్సింది ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరు దగ్గరికి. ఆయన డిస్కం (విద్యుత్ పంపిణీ సంస్థ) ఉద్యోగి కాదు, ప్రభుత్వ ఉద్యోగి. ఎస్టిమేట్ చేతిలో పెట్టేటప్పుడు ఈ ముక్క కూడా చెబితే సగం గొడవలు వీధికెక్కవు.

‘కరెంటు అందరిదీ, ఒకడి జాగా కోసం లైను ఆగుతుందా’ అనేది పెద్ద అభ్యంతరం. ఆగకూడదు, ఒప్పుకుంటాను. ఈ ప్రాంతానికి ఆ మాట చెప్పనక్కర్లేదు కూడా. శ్రీశైలం కుడిగట్టున 770 మెగావాట్లు, గని, శకునాల దగ్గర 1000 మెగావాట్ల సోలార్ పార్కు, నందికొట్కూరు మండలంలోనే హంద్రీ-నీవా మొదటి ఎత్తిపోత మల్యాల. తీగలకు చోటివ్వడం ఇక్కడి భూములకు అలవాటే. అడిగేదల్లా, అందరి అవసరానికి ఒక్కడి జాగా పోతే ఆ బరువు అందరూ పంచుకోవాలని. పెద్ద లైన్లకు ఈ సూత్రం ఇప్పటికే ఒప్పుకున్నారు. 66 కేవీ, ఆ పైన లైన్లకు టవరు కాళ్ల మధ్య భూమికి విలువలో 85 శాతం ఇవ్వమని 2015లో కేంద్ర విద్యుత్ శాఖ రాష్ట్రాలకు సూచించింది. 2024 జూన్‌లో దాన్ని 200 శాతానికి పెంచింది. చేనులో టవరుకు విలువ కట్టిన చేయి, పెరట్లో స్తంభానికి మాత్రం ఎస్టిమేట్ అందిస్తోంది. ఇంకో వింత చూడండి. స్తంభానికి తీగ కట్టుకున్న కేబుల్ టీవీ వాళ్లను ‘పోల్ ట్యాక్స్’ అడిగారు, దాని మీద ఏళ్ల తరబడి తగాదా నడిచింది. స్తంభం మీద చోటుకు అద్దె ఉన్నప్పుడు, స్తంభం కింద చోటుకు ఎందుకుండదు? జపానులో ఇంటిజాగాలో స్తంభం ఉంటే ఏడాదికి 1500 యెన్‌లు ఇస్తారు. మన డబ్బులో వెయ్యి రూపాయలకు అటూఇటూ. దానితో ఎవరూ ధనవంతులు కారు. కానీ ఆ చిల్లర చేతులు మారినప్పుడల్లా ‘ఈ భూమి మాది కాదు, మీది’ అని కంపెనీ ఒప్పుకున్నట్టు ఒక కాగితం పుడుతుంది. మనకు లేనిది ఆ కాగితమే.

ఖర్చంతా చివరికి బిల్లుల్లోకే వస్తుందంటారా, రానివ్వండి. ట్రూఅప్ పేరుతో ఎన్నో వచ్చాయి, వీటిలో కనీసం ఇదొకటి న్యాయమైనది. ‘నువ్వూ ఆ కరెంటే వాడుతున్నావుగా’ అనేవాళ్లకు జవాబు చిన్నది. జాగా యజమాని ఇంటికి కావలసింది ఒక సర్వీసు వైరు, జాగాలో ఉన్నది వీధంతటికీ పోయే లైను. నిజంగా ఇబ్బంది పెట్టే ప్రశ్న వేరే ఉంది. ఇక్కడ పీకితే ఎక్కడ పాతాలి? పక్కింటి గేటు ముందా? పాత వీధుల్లో దీనికి తేలికైన జవాబు లేదు, ఉందని చెప్పేవాడిని నమ్మకండి. 17వ సెక్షన్ ‘అదే స్థలంలో మరో పక్కకు’ అన్నది ఊరికే కాదు, ఒకడి బరువు ఇంకొకడి నెత్తిన వేయకూడదని. కదిపే వీలే లేనిచోట వట్టి తీగలు తీసేసి, తొడుగున్న ఏబీ కేబుల్ వేస్తే ప్రమాదమన్నా తగ్గుతుంది. ఇది సంస్థకూ మేలే. తెగిన తీగ తగిలి సైకిలు మీద పోతున్న మనిషి చనిపోయిన కేసులో, ఎవరి తప్పన్న ప్రశ్నతో పనిలేకుండా బోర్డే బాధ్యత వహించాలని 2002లో సుప్రీంకోర్టు తేల్చింది. స్తంభం జరపడానికయ్యే ఖర్చు ఒక ప్రాణానికి కట్టే పరిహారం ముందు ఏపాటిది?

ఈ వాడుక మారేదాకా, జాగాలో స్తంభం ఉన్నవాళ్లకు ఒక మాట. స్టే వైరును మీరే కోయకండి. అది తెగితే స్తంభం రెండోపక్కకు ఒరుగుతుంది, తీగలు వదులై కిందికి వేలాడతాయి, ఆ తర్వాత చట్టం మీ పక్షాన ఉండదు. గునపం దించకముందే సెక్షన్ ఆఫీసు ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారికి అర్జీ రాయండి. స్తంభం ఏ సంవత్సరంలో వేశారు, అప్పటి యజమాని సమ్మతి గానీ కలెక్టరు ఉత్తర్వు గానీ ఉందా, పరిహారం ఎంత ఇచ్చారు అని అందులో అడగండి. నకలు ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరుకు పంపండి. జవాబు రాకపోయినా, నచ్చకపోయినా విద్యుత్ వినియోగదారుల ఫోరం ఉంది. దాని పైన విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. ఈ రెండింటికీ నిబంధనలు పెట్టే విద్యుత్ నియంత్రణ మండలి కార్యాలయం 2023లో హైదరాబాదు నుంచి కర్నూలుకే వచ్చింది, నందికొట్కూరు నుంచి బస్సులో గంట దారి. అర్జీ ఇచ్చిన చోట రెండో ప్రతి మీద తేదీతో ముద్ర వేయించుకోకుండా మాత్రం ఇంటికి రాకండి.