ఆదవాని త్రోవలో ఒక ఆటకథ

మొన్నటి దసరా సెలవులలో మేము కుటుంబసమేతముగా ఆదవానికి పోయితిమి. నేడు ఆదోనియని వ్రాయుచున్న యీ పట్టణమునకు పాతగ్రంథములలోని పేరు ఆదవాని. 1953లో ఆంధ్రరాష్ట్ర మవతరించినపుడు ఈ సీమ బళ్లారి మండలమునుండి విడివడి మనలో చేరినది. రైలు దిగినది మొదలు ఎచట చూచినను పత్తియే. కొండలమీది కోటను వర్ణించిన వ్యాసములు సోదరీమణులు పెక్కు చదివియుందురు. కావున దానిని విడిచి, ఎమ్మిగనూరి త్రోవలో మేము చూచిన యొక యాటనుగూర్చి వ్రాయుచున్నాము.

ఆదవానికిని ఎమ్మిగనూరికిని నడుమ సుమారు 30 కిలోమీటర్లు. సగము దూరము పోవునప్పటికి మా బండిచక్రము గాలిపోయినది. త్రోవ కిరుప్రక్కల నల్లరేగడి చేలు. వాని యంచున నొక బీడు. అందు పదిపండ్రెండుమంది బాలికలు పరికిణీలు ఎగదోపుకొని చెడుగుడు ఆడుచుండిరి. ఒక పిల్ల కూతపెట్టుచు పోయి నలుగురికి చిక్కెను. ఒకతె కాలు పట్టెను. ఒకతె నడుము పట్టెను. అయినను కూత విడువక, నేలమీద ప్రాకి, వ్రేలికొనతో గీత నంటెను. మేము చప్పట్లు కొట్టితిమి.

చెట్టునీడ కూర్చున్న యొక ముసలమ్మ మమ్ము చూచి నవ్వి, "ఆడుకోనీలేమ్మా! పత్తి ఏరేకాలం వచ్చిందంటే ఈళ్లు యాడుంటారు?" అనెను. పైరు పని ముగిసినపిమ్మట ఈ ప్రాంతమున పెక్కు కుటుంబములు గుంటూరు సీమకు పత్తి, మిరప కోతలకు వలసపోవును. పిల్లలును వెంట పోవుదురు.

బెంగుళూరిలో చదివిన మా మేనల్లుడు ఆ యాటను చూచి, ఇది రగ్బీకి చుట్టమువలె నున్నదనెను. రగ్బీలో కోడిగ్రుడ్డు ఆకారముగల బంతిని చేతబట్టి పరుగిడి ఎదిరిపక్షపు గీత దాటి నేల కానింపవలెను. ఎదిరివారు నడుము పట్టి పడవేయుదురు. తనవారికి బంతి నందీయదలచినచో చేతితో వెనుకకే విసరవలెను గాని ముందునకు విసరరాదు. ఆ రాత్రి ఎమ్మిగనూరి బసలో అతడు మన దేశముననే పుట్టిన యొక రగ్బీ క్లబ్బుకథ చెప్పెను.

1872 క్రిస్మసునాడు కలకత్తాలో ఇంగ్లండువా రొక పక్షముగను, స్కాట్లండు, ఐర్లండు, వేల్సువారు వేరొక పక్షముగను, ఇరువదేసిమంది చొప్పున రగ్బీ ఆడిరి. ఆ యుత్సాహముతో మరుసటి నెలలోనే కలకత్తా ఫుట్‌బాల్ క్లబ్బు నెలకొల్పిరి. 1874లో అది ఇంగ్లండునందలి రగ్బీ యూనియనులో చేరెను. ఆటగాండ్ర కెవరికిని జీతములేదు. ఉద్యోగులును దండువారును తీరికవేళ నాడుకొనుటయే. అయితే ఆ యుత్సాహము నిలువలేదు. క్లబ్బులో ఉచితముగా పోయుచుండిన పానీయములను ఆపినంతనే కొందరు సభ్యులు తొలగిరట! మన యింటి మగవారి సంగతి తెలిసిన సోదరీమణులకు ఇది వింతగా తోచదు. ఎండకు తాళలేక కొందరు టెన్నిసునకును పోలోకును మరలిరి. పిమ్మట ఆటగాండ్ర నిచ్చుచుండిన పటాలము వేరొకచోటికి కదలిపోగా పక్షములు కూడుటయే దుర్ఘటమాయెను.

1878లో క్లబ్బు మూయవలసివచ్చెను. బ్యాంకులో మిగిలిన సొమ్మును విందులకు వెచ్చింపక, 270 వెండిరూపాయలను కరగించి ఒక పాత్రను చేయించిరి. దాని పిడులు మూడు త్రాచుపాములు. మూతపై నొక యేనుగు. దానిని రగ్బీ యూనియనునకు కానుకగా నిచ్చిరి. 1879లో ఎడింబరోలో ఇంగ్లండు, స్కాట్లండు దానికై తొలిసారి పోటీపడగా గెలుపోటములు తేలలేదు. కలకత్తా కప్పు పేరిట ఆ పోటీ నేటికిని జరుగుచున్నది. క్లబ్బును 1884లో మరల లేవనెత్తిరి. 1965లో అది అచటి క్రికెట్ క్లబ్బుతో ఏకమైనది.

ఈ కథ విన్నపిమ్మట మాకు ముసలమ్మ మాటయే మరల మరల చెవిని పడెను. అచట పటాలము కదలిన క్లబ్బు కూలెను. ఇచట పత్తికాలము వచ్చిన ఆటయే చెదరును. వారికి పద్దుపుస్తకమైన నుండెను, కరగించుటకు రూపాయలుండెను. ఆ బీటిలోని బాలికల కేమున్నది? గీత నంటిన ఆ పిల్లపేరు ఏ పుస్తకమున నున్నది?

మరునాడు ఎమ్మిగనూరిలో చేనేతవారి సహకార సంఘపు చరిత్ర వింటిమి. 1938లో మాచాని సోమప్పగారు దానిని స్థాపించిరి. ఒంటరిగా నున్న నేతగాడు నూలునకును అమ్మకమునకును పరుల ముఖము చూడక తప్పదు. పదుగురు కూడినచో ఆ భారము తేలికయగును. బట్ట నేయుటకు చెల్లిన యీ నీతి ఆటకు చెల్లదా?

మన బాలికలకు శక్తి లేదనువారు రెండు సంగతులు వినవలెను. 2010లో ఆసియా క్రీడలలో స్త్రీల కబడ్డీని తొలిసారి చేర్చగా స్వర్ణపతకము మనవారిదే. 2019లో మనీలాలో మన స్త్రీల రగ్బీ పక్షము సింగపూరును 21–19తో ఓడించెను. పదునైదుగురి రగ్బీలో వారికది మొదటి విజయము.

కావున ఊరి తల్లులారా! క్లబ్బనగా మేడయు తోటయు అక్కరలేదు. ఒక బీడు, ఒక పేరు, ఒక పద్దుపుస్తకము చాలును. అన్నిటికంటె ముఖ్యముగా, తల్లిదండ్రులు వలసపోయిన నెలలలో పిల్లలు ఊరనే నిలిచి చదువుకొనుటకు ఒక వసతి కావలెను. అవి యమరినచో వచ్చు దసరాకు మేము మరల ఆ త్రోవనే పోవుదుము. గాలిపోకున్నను బండి నాపింతుము.