లెక్కల పుస్తకం మారే వేళ

గణితం క్రమం మీద నిలిచే విద్య. విజయనగర చరిత్ర చదవని విద్యార్థి మొగలుల పాఠాన్ని అర్థం చేసుకోగలడు. కిరణజన్య సంయోగక్రియ ఇంకా నేర్వని విద్యార్థి అయస్కాంతాల గురించి తెలుసుకోగలడు. కాని భిన్నాల కూడిక స్థిరపడని విద్యార్థి నిష్పత్తి దగ్గర తడబడతాడు, నిష్పత్తి పట్టుబడనివాడికి సరూప త్రిభుజాలు, ఆ తరువాత త్రికోణమితి కొరుకుడు పడవు. అందువల్ల పిల్లలను బడికి పంపక ఇంటివద్దనే చదివించే కుటుంబాలు మిగిలిన పాఠ్యాంశాల పుస్తకాలను ఏటేటా మార్చినా పెద్ద నష్టం ఉండదు గాని, పదకొండు, పన్నెండేళ్లు దాటిన బిడ్డకు లెక్కల పుస్తకం మార్చవలసి వస్తే మాత్రం ఎంతో ముందుచూపు అవసరమవుతుంది. ఇక్కడ పుస్తకమంటే కేవలం అచ్చుకాగితాలు కావు. ఏ భావన ముందు రావాలి, ఏది తరువాత రావాలి, దేనిని ఎంత లోతుగా చెప్పాలి, ఎంత సాధన చేయించాలి అని ముందుగా నిర్ణయించిన వరుస, అనగా పాఠ్యప్రణాళిక.

ఇంటి చదువును ఎంచుకున్న కుటుంబాలు బెంగళూరులో చాలాకాలంగా ఉన్నాయి. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, పుస్తకంలో ఇంగ్లీషు నడిచే తెలుగు కుటుంబాలకూ ఈ నగరంలో ఆ దారి తెరిచే ఉంది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పధ్నాలుగేళ్ల పిల్లలకు ఉచిత నిర్బంధ విద్యను హక్కుగా ప్రకటించింది గాని, ఇంటి చదువు ప్రస్తావనను తన పాఠంలో ఎక్కడా చేయలేదు. బిడ్డ పసితనంలో ఇంటి చదువు కుటుంబానికి పుస్తకాల విషయంలో పూర్తి స్వేచ్ఛ ఉంటుంది. కొందరు సింగపూర్ పుస్తకాలతో, కొందరు అమెరికా పుస్తకాలతో, మరికొందరు జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి, అనగా ఎన్‌సీఈఆర్‌టీ, పుస్తకాలతో మొదలుపెడతారు. బిడ్డకు పన్నెండేళ్లు వచ్చేసరికి పదో తరగతి స్థాయి ధ్రువపత్రం ప్రశ్న ఎదురవుతుంది. బడిలో పేరు లేనివారికి అందుబాటులో ఉన్న ప్రధాన మార్గాలు రెండు: 1989లో ఏర్పడిన జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ, అనగా ఎన్‌ఐఓఎస్, పధ్నాలుగేళ్లు నిండినవారికి నిర్వహించే సెకండరీ పరీక్ష ఒకటి, ప్రైవేటు అభ్యర్థులను అనుమతించే కేంద్రాల ద్వారా రాయగలిగే కేంబ్రిడ్జ్ ఐజీసీఎస్ఈ పరీక్ష మరొకటి. పెద్ద పిల్లల విషయంలో పుస్తకం మారడానికి ఎక్కువగా కారణమయ్యేది ఈ పదో తరగతి స్థాయి పరీక్షే.

ఈ ప్రణాళికలు ఒకదానితో ఒకటి ఎందుకు అతకవో తెలియాలంటే వాటి స్వభావాలను చూడాలి. 1980ల తొలినాళ్లలో సింగపూర్ విద్యాశాఖ రూపొందించిన ప్రాథమిక గణితం మొదట వస్తువులను చేతికిచ్చి, తరువాత బొమ్మ గీయించి, చివర అంకెలకూ గుర్తులకూ తీసుకుపోతుంది. పొడవాటి పట్టీని గీసి దానిని సమభాగాలుగా విభజించి లెక్కను కళ్లకు కట్టించే పట్టీ నమూనా దానికి ప్రాణం. అమెరికాలో వైమానిక దళ అధికారిగా పనిచేసి, ఆ తరువాత అధ్యాపకుడైన జాన్ శాక్సన్ 1980లలో వెలువరించిన పుస్తకాలు ఇందుకు భిన్నమైనవి. ప్రతి పాఠంలో చిన్న కొత్త విషయం ఒక్కటి చెప్పి, ఆ వెంటనే పాత పాఠాలన్నింటి నుంచీ కలగలిపిన లెక్కలు ఇచ్చి, నేర్చినది మరుపున పడకుండా కాపాడటం వాటి పద్ధతి. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు ఒక్కో భావనను ఒక్కో అధ్యాయంగా తీసుకుని తరగతి పెరిగేకొద్దీ లోతు పెంచుతాయి. వాటిలోనూ ఇటీవల పెద్ద మార్పు వచ్చింది. ఆరో తరగతికి 2024లో, ఏడు ఎనిమిది తరగతులకు 2025లో ‘గణిత ప్రకాశ్’ పేరిట కొత్త పుస్తకాలు వెలువడ్డాయి.

పై తరగతులలో తేడాలు మరింత స్పష్టమవుతాయి. అమెరికా పద్ధతిలో మొదటి బీజగణితం ఒక సంవత్సరం, రేఖాగణితం ఒక సంవత్సరం, రెండో బీజగణితం మరొక సంవత్సరం చదవడం పరిపాటి కాబట్టి, ఆ దారిలో బీజగణితం పూర్తి చేసిన పదమూడేళ్ల బిడ్డ సమీకరణాలలో ఎంత చురుకుగా ఉన్నా రేఖాగణిత నిరూపణను అసలు చూసి ఉండకపోవచ్చు. భారతీయ పుస్తకాలలో ఆ రెండూ ప్రతి తరగతిలోనూ కలిసే నడుస్తాయి. కేంబ్రిడ్జ్ వారి పై స్థాయి గణితంలో సమితులు, సదిశలు, ప్రమేయాలు, కొద్దిపాటి అవకలనం కూడా ఉంటాయి గాని, సిద్ధాంతాన్ని మెట్టుమెట్టుగా నిరూపించే రేఖాగణితానికి మన తొమ్మిది, పది తరగతుల పుస్తకాలలో ఉన్నంత చోటు లేదు. కేంద్రీయ మాధ్యమిక విద్యా మండలి, అనగా సీబీఎస్‌ఈ, నిర్వహించే పదో తరగతి లెక్కల పరీక్షలో సాధారణంగా క్యాలిక్యులేటర్‌కు అనుమతి లేదు. కేంబ్రిడ్జ్ గణితంలో 2025 నుంచి ఒక పత్రం క్యాలిక్యులేటర్ లేకుండా, మరొకటి దానితో రాయవలసి ఉంటుంది. ఎన్‌ఐఓఎస్ సెకండరీ గణితంలో బీజగణితం, రేఖాగణితం, క్షేత్రమితి, త్రికోణమితి, సాంఖ్యకశాస్త్రాలతో పాటు శాతాలు, లాభనష్టాలు, వడ్డీ, వాయిదాల కొనుగోలు వంటి అంశాలతో వాణిజ్య గణితమనే ప్రత్యేక విభాగం ఉంది. ఒక పుస్తకంలో తొంభై శాతం మార్కులు తెచ్చుకున్న బిడ్డ మరొక పుస్తకం తెరిచి దిగులుపడితే అది తెలివికి సంబంధించిన లోపం కాదని, వరుసల మధ్య ఉన్న తేడా అని తల్లిదండ్రులు ముందుగా గ్రహించాలి, గ్రహించి బిడ్డకు స్పష్టంగా చెప్పాలి.

ఇన్ని తేడాల మధ్య మారనిది ఒకటుంది, అది భావన. ఒక కుటుంబం తన నెల ఆదాయంలో ఐదింట మూడు వంతులు ఖర్చు చేయగా ఆ ఖర్చు 24,000 రూపాయలు అయితే ఆదాయమెంత అన్న లెక్కను తీసుకోవచ్చు. సింగపూర్ పుస్తకం చదివిన బిడ్డ పట్టీ గీసి ఐదు భాగాలు చేసి, మూడు భాగాలకు 24,000 కనుక ఒక భాగానికి 8,000 అని, మొత్తానికి 40,000 అని చెబుతుంది. బీజగణితం నేర్చిన బిడ్డ ఆదాయాన్ని ఎక్స్ అనుకుని సమీకరణం రాసి అదే జవాబు తెస్తుంది. పాతకాలపు చదువు చదివిన తాతయ్య అయితే త్రైరాశికం వేస్తాడు; అనగా తెలిసిన మూడు రాశుల నుంచి తెలియని నాలుగోదానిని రాబట్టే పద్ధతిలో, ప్రమాణం 3, ఫలం 24,000, ఇచ్ఛ 5 అని పెట్టుకుని, ఫలాన్ని ఇచ్ఛతో గుణించి ప్రమాణంతో భాగించి 40,000 అంటాడు. మూడు దారులలోనూ జరిగినది ఒక్కటే, ఒక భాగం విలువను పట్టుకుని మొత్తానికి చేరడం. పుస్తకం మారినప్పుడు పాత పద్ధతిని తప్పు అని కొట్టివేయకుండా, పట్టీలోని ఒక భాగమే సమీకరణంలో ఎక్స్‌లో ఐదో వంతుగా నిలిచిందని పక్కపక్కన పెట్టి చూపిస్తే, బిడ్డ తనకు తెలిసినదానిని వదులుకోనక్కరలేకుండానే కొత్తదానిలోకి నడుస్తుంది.

గణితం ఒక పుస్తకం నుంచి మరొక పుస్తకానికి తరలిన గొప్ప ఘటన తెలుగువారి చరిత్రలోనే ఉంది, దాని మూలం కర్ణాటక నేలలోనే ఉంది. తొమ్మిదో శతాబ్దంలో రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని ఆదరణలో జైన పండితుడు మహావీరాచార్యుడు సంస్కృతంలో గణితసారసంగ్రహం రచించాడు. ఆ రాజ్యపు రాజధాని మాన్యఖేటం నేటి కలబురగి జిల్లాలోని మళఖేడ్. ఆ గ్రంథాన్ని ఆధారం చేసుకుని పావులూరి మల్లన తెలుగు పద్యాలలో సారసంగ్రహ గణితం రచించాడు, తెలుగులో తొలి శాస్త్ర గ్రంథంగా అది పేరుపొందింది. మల్లన మూలాన్ని ఉన్నదున్నట్టుగా దించలేదు. జైన సంప్రదాయానికి చెందిన ఉదాహరణల స్థానంలో శైవ సంప్రదాయానికి చెందినవి పెట్టాడు. ఉదాహరణలు మారాయి, భాష మారింది, శాస్త్రం మాత్రం చెక్కుచెదరలేదు. డాలర్లు, అంగుళాలు, పౌండ్లతో నిండిన పుస్తకాన్ని బెంగళూరు ఇంట్లో చెప్పే తల్లి ఆ లెక్కలను మెట్రో చార్జీలకు, కాయగూరల ధరలకు మార్చి చెప్పినప్పుడు ఆమె చేస్తున్నది మల్లన చేసిన పని వంటిదే.

బిడ్డను కొత్త పుస్తకంలో ఎక్కడ ప్రవేశపెట్టాలన్నది తరువాతి ప్రశ్న, ఇక్కడే ఎక్కువ కుటుంబాలు తొందరపడతాయి. వయసును బట్టి ఏడో తరగతి పుస్తకం కొనడం, లేదా భయపడి మొదటి నుంచి అంతా మళ్లీ చెప్పడం, రెండూ సరికావు. ఈ విషయంలో కర్ణాటకకు ఆంధ్రదేశం నుంచే ఒక మంచి పాఠం అందింది. మదనపల్లె సమీపంలోని రిషివ్యాలీ పరిసర గ్రామాల బడులలో, పిల్లలు తరగతుల వారీగా కాక మెట్లు మెట్లుగా అమర్చిన కార్డులతో తమ వేగంలో తాము ముందుకు సాగే పద్ధతి రూపొందింది. దానిని చూసి వచ్చిన ఉపాధ్యాయుల ప్రేరణతో 1995లో మైసూరు జిల్లా హెచ్.డి. కోటె తాలూకాలో ‘నలి కలి’, అనగా ఆనందంగా నేర్చుకోవడం, అనే కార్యక్రమం మొదలై కర్ణాటక ప్రభుత్వ పాఠశాలలకు విస్తరించింది. బిడ్డ ఏ తరగతిలో ఉంది అని కాక, ఏ మెట్టు మీద నిలిచింది అని అడగడం ఆ పద్ధతిలోని సారం. ఇంటి చదువులో పుస్తకం మార్చేవారు అడగవలసినదీ అదే.

ఆ మెట్టును తెలుసుకోవడానికి ప్రవేశ స్థాయి పరీక్ష ఉపయోగపడుతుంది. అనగా కొత్త పుస్తకంలో ఏ భాగం నుంచి మొదలుపెట్టాలో నిర్ణయించడానికి పెట్టే చిన్న పరీక్ష. అటువంటిది సిద్ధంగా దొరకకపోతే, కొత్త పుస్తకంలో బిడ్డ వయసుకు తగిన తరగతికి ముందు తరగతిలోని అధ్యాయాల చివరి అభ్యాసాలను గడియారం పెట్టకుండా, మార్కులు వేయకుండా చేయించి చూడవచ్చు. సరిగా వచ్చిన అధ్యాయాలను దాటవచ్చు, తప్పిన చోట మాత్రం ఆగి, తప్పు గణనలో జరిగిందా భావనలోనే లోటుందా అని విడదీసి చూడాలి. గుణకారంలో తొందరపడి తప్పిన బిడ్డకు ఎక్కాలు, సాధన చాలు. రుణ సంఖ్యను రుణ సంఖ్యతో గుణిస్తే ధనం ఎందుకు వస్తుందో తెలియని బిడ్డకు ఎన్ని అభ్యాసాలు చేయించినా ఫలితం ఉండదు, పాఠం మళ్లీ చెప్పాలి. ఇలా గుర్తించిన ఖాళీలను పూడ్చడానికి కొన్ని వారాలు విడిగా కేటాయించి, ఆ వారాలలో కొత్త పుస్తకాన్ని నిదానంగా నడపడం మేలు. లోతుగా ఆలోచింపజేసే అదనపు సామగ్రి కావలసినవారికి, బెంగళూరులోని అజీం ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం రిషివ్యాలీ గణిత కేంద్రంతో కలిసి 2012 నుంచి వెలువరిస్తున్న ‘ఎట్ రైట్ యాంగిల్స్’ గణిత పత్రిక ఉచితంగానే అందుబాటులో ఉంది.

పెద్ద బిడ్డ విషయంలో మరొక బాధ్యత ఉంది. ఆరేళ్ల బిడ్డ తల్లి ఇచ్చిన పుస్తకం తీసుకుంటుంది. పన్నెండేళ్ల బిడ్డకు తన చదువు గురించి అభిప్రాయం ఉంటుంది, తనకు లెక్కలు వచ్చునని గాని రావని గాని ఒక నమ్మకం ఏర్పడి ఉంటుంది. కారణం చెప్పకుండా పుస్తకం మారిస్తే ఆ మార్పును బిడ్డ తన వైఫల్యంగా భావించే ప్రమాదం ఉంది. రెండు మూడు పుస్తకాల నుంచి ఒకే పాఠాన్ని చూపించి, ఏది అర్థమయ్యేలా ఉందో బిడ్డనే అడగడం, పరీక్ష అవసరం ఏమిటో పెద్దవారితో మాట్లాడినట్టే వివరించడం ఈ వయసులో తప్పనిసరి.

ప్రతి అసంతృప్తికీ పుస్తకం మార్చడం పరిష్కారం కాదన్నది కూడా అంతే ముఖ్యం. పాఠం విసుగు పుట్టిస్తున్నదంటే కారణం పుస్తకమే కానక్కరలేదు. కింది మెట్టులోని ఖాళీ కావచ్చు, రోజువారీ సాధన తగ్గడం కావచ్చు, చెప్పేవారి అలసట కావచ్చు. రెండేళ్లకు మూడు పుస్తకాలు మారిన బిడ్డ భిన్నాలను మూడుసార్లు మొదలుపెట్టి, శాతాలను ఒక్కసారీ పూర్తి చేయని స్థితిలో మిగిలిపోగలదు. కనుక పరీక్ష అవసరం, లేక పద్ధతి బిడ్డకు సరిపడలేదన్న స్పష్టమైన నిదర్శనం, ఈ రెండింటిలో ఒకటైనా ఉన్నప్పుడే మార్పు న్యాయమవుతుంది.

ఎన్‌ఐఓఎస్‌లో ఒకసారి నమోదైతే ఐదేళ్ల వ్యవధి, తొమ్మిది అవకాశాలు ఉంటాయి, పరీక్షలు ఏడాదికి రెండుసార్లు జరుగుతాయి. కనుక భయపడి పరుగెత్తవలసిన అవసరం లేదు. అక్కడ గణితం తప్పనిసరి కాదు గదా అని దానిని వదిలివేయడం మాత్రం పై చదువుల దారులను బిడ్డ కోసం ముందే మూసివేయడమే అవుతుంది. బిడ్డ రాయబోయే పరీక్షను పన్నెండేళ్ల ప్రాంతంలోనే నిర్ణయించుకుని, చివరి మార్పును ఆ సమయానికే ముగించి, ఆ తరువాత ఎంచుకున్న పుస్తకంతో పరీక్ష వరకు నిలకడగా నడవాలని ఇంటి చదువు దారిలో ఉన్న తల్లిదండ్రులకు విజ్ఞప్తి.