గార్లదిన్నె: స్విచ్చు కాడ చీకటి

అనంతపురం నుంచి గుత్తి వైపు జాతీయ రహదారి మీద ఇరవై కిలోమీటర్లు దాటితే గార్లదిన్నె. రాత్రి బస్సులో పోయేవాళ్లకు కనిపించేవి దాబాల ట్యూబులైట్లే. కిటికీ పక్కన కూర్చుని కాస్త ఓపిగ్గా చూస్తే మాత్రం దూరంగా చేలల్లో చిన్న చిన్న వెలుగులు కదులుతుంటాయి. మిణుగురులు కావవి. మోటారు వేయడానికో, మడవ తిప్పడానికో, చేలో పందులు పడ్డాయేమో చూడడానికో వెళ్లేవాళ్ల చేతుల్లోని టార్చిలైట్లు!

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కురిస్తే గొప్ప అనుకునే సీమ ఇది. మండలంలోనే పెనకచెర్ల దగ్గర మిడ్ పెన్నార్ డ్యాం ఉంది. తుంగభద్ర ఎగువ కాలువ నీళ్లు అందులోకి వస్తాయి. ఆ నీళ్లు అందని మెట్ట చేనుకీ, చీనీ తోటకీ బోరే దిక్కు. బోరుకి కరెంటు దిక్కు. 2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చింది గానీ, అది ఏ వేళకు వస్తుందనేది రైతు చేతిలో లేదు. రోజుకు ఏడు గంటల కరెంటును రెండు విడతలు చేసి, అందులో ఒకటి రాత్రిపూట ఇచ్చిన ఏళ్లను ఇక్కడి ఇళ్లలో ఎవరూ మరిచిపోలేదు. తర్వాత పగటిపూట తొమ్మిది గంటలన్న మాట వచ్చింది, ఆటోస్టార్టర్లు వచ్చాయి. అడవిపందులకు మాత్రం ఏ జీవో వర్తించదు కదా! శెనక్కాయ చేలో అవి పడేది చీకట్లోనే.

ఆ చీకట్లో గెనిమ మీద నడిచే మనిషికి రెండు భయాలు. ఒకటి కాళ్ల కింద. ఎండుటాకుల్లో రక్తపింజరి కలిసిపోతే కనిపెట్టడం కష్టం. కట్లపాము తిరిగేది రాత్రిళ్లే. రెండోది చేతి ముందు. స్టార్టర్ డబ్బాలో ఉండేది 415 వోల్టుల త్రీఫేజ్ కరెంటు. సరిగ్గా అక్కడ నిలబడ్డప్పుడు టార్చి మసకబారితే?

‘సెల్లులు నిన్ననే కొత్తవి ఏస్తి కదప్పా!’ అని వాపోవడం, అరచేతిలో టార్చిని రెండు దెబ్బలు కొట్టడం ప్రతి ఇంట్లోనూ చూసేదే. దెబ్బకి లైటు భగ్గున వెలుగుతుంది. అంటే సెల్లులో బలం ఉంది, బల్బూ బాగానే ఉంది. తేడా మధ్యలో ఉంది. స్విచ్చులోని రేకు నల్లబడో, దుమ్ము పట్టో, కారిన సెల్లు ఉప్పు పేరుకునో కరెంటుకు అడ్డం పడుతోంది. దెబ్బ తగిలినప్పుడు ఆ పొర కాస్త గీసుకుపోయి దారి తెరుచుకుంటుంది. సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం మడిచి పెట్టడం, స్ప్రింగును గరుకు కాగితంతో రుద్దడం కూడా ఆ దారి కోసమే. తెలియకుండానే అందరూ స్విచ్చుకు వైద్యం చేస్తున్నారన్నమాట.

టార్చికీ స్విచ్చుకీ ఈ పంచాయితీ పుట్టుకతోనే ఉంది. అమెరికాలో డేవిడ్ మిసెల్ అనే ఆయనకు 1899లో గొట్టం ఆకారపు టార్చి మీద పేటెంటు దక్కింది. అప్పటి సెల్లులు ఎక్కువసేపు కరెంటు ఇవ్వలేకపోయేవి. నొక్కితే కాసేపు వెలిగించి వదిలేయాల్సిందే. అలా మెరిసి ఆగేది కాబట్టే వాళ్లు దాన్ని ఫ్లాష్‌లైట్ అన్నారు. మనకు మాత్రం టార్చి, లేదంటే బ్యాటరీ లైటు.

ఇప్పుడు సెల్లులు బలిశాయి, స్విచ్చులు మాత్రం చాలాచోట్ల అలాగే ఉండిపోయాయి. లెక్క చూడండి. పాత రెండు సెల్లుల టార్చిలో బల్బు తాగే కరెంటు 0.3 ఆంపియర్లు అనుకుందాం. స్విచ్చులో ఒక ఓమ్ అడ్డు ఉంటే 0.3 వోల్టు పోతుంది. మూడు వోల్టుల్లో పదో వంతు అన్నమాట. వెలుగు మాత్రం అంతకంటే ఎక్కువే, మూడో వంతు దాకా, తగ్గుతుంది. అదే లిథియం సెల్లుతో పనిచేసే గట్టి ఎల్ఈడీ టార్చి మూడు ఆంపియర్లు లాగుతుందనుకోండి. ఓమ్‌లో పదో వంతు అడ్డున్నా చాలు, అంతే వోల్టేజి పోతుంది. పైగా దాదాపు ఒక వాట్ వేడి ఆ చిన్న స్విచ్చులోనే పుడుతుంది. ప్లాస్టిక్ మెత్తబడుతుంది, స్ప్రింగు పట్టు సడలుతుంది. ‘250 వోల్టులు, 6 ఆంపియర్లు’ అని స్విచ్చు మీద ముద్ర ఉందని సంబరపడడానికీ లేదు. అది ఇంటి ఏసీ కరెంటుకు చెప్పిన లెక్క. టార్చిలో పారేది డీసీ.

పరీక్షకు లేబొరేటరీ అక్కర్లేదు. మోటార్ వైండింగ్ షాపులో ఉండే మల్టీమీటరు చాలు. టార్చి వెలుగుతుండగా స్విచ్చు రెండు కొసలకూ మీటరు ముళ్లు ఆనించాలి. ముందు 20 వోల్టుల రేంజిలోనే మొదలుపెట్టాలి, ఎందుకంటే స్విచ్చు ఆపి ఉంటే సెల్లుల వోల్టేజి మొత్తం మీటరు మీదే పడుతుంది. లైటు వెలిగాక రేంజి తగ్గించుకుంటూ రావచ్చు. మూడు ఆంపియర్ల టార్చిలో 60 మిల్లీవోల్టులు చూపిస్తే స్విచ్చు ఆరోగ్యంగా ఉన్నట్టే. 300 చూపిస్తే మార్చేయడం మేలు. పది నిమిషాలు వెలగనిచ్చి మళ్లీ చూడాలి. వేడెక్కాక అంకె పెరుగుతూ పోతే ఆ స్విచ్చును నమ్ముకుని చేనుకి పోకూడదు.

మీటరు లేనివాళ్లకు ఇంకో దారి ఉంది. వెనక మూతలో స్విచ్చు ఉండే టార్చి అయితే మూత విప్పి, సెల్లు అడుగునీ టార్చి లోహపు అంచునీ మందపాటి రాగి తీగతో కలపాలి. వెలుగు ఒక్కసారిగా పెరిగిందా, దొంగ దొరికినట్టే. తీగ స్విచ్చు చోట మాత్రమే ఉండాలి. బయటికి తీసిన లిథియం సెల్లు రెండు కొసలకూ తగిలించారో, నిప్పే!

గోడ ప్లగ్గులో నేరుగా గుచ్చి ఛార్జి చేసుకునే చవక టార్చిల సంగతి వేరు. కొన్నింటిలో ఛార్జింగ్ సర్క్యూట్‌కి ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. ప్లగ్గులో ఉండగా విప్పితే లోపలి ప్రతి తీగలోనూ ఇంటి కరెంటే ఉంటుంది. పిల్లలకు ఈ ఒక్క ముక్కా ముందే చెప్పి ఉంచాలి.

గార్లదిన్నె స్టేషను మీదుగా రాత్రి రైలు గుంతకల్లు వైపు సాగిపోతుంటే చేలల్లో వెలుగులు మళ్లీ కదులుతాయి. ఒకటి ఉన్నట్టుండి ఆగుతుంది, ఆరుతుంది. రెండు చప్పుళ్లు వినిపిస్తాయి. మళ్లీ వెలుగుతుంది.