గుంటుపల్లికి ముందు పెదవేగి

గుండుగొలను దగ్గర రోడ్డు రెండుగా చీలుతుంది. ఒకటి తాడేపల్లిగూడెం, తణుకు మీదుగా రాజమహేంద్రవరం పోయే 216ఏ, రెండోది దేవరపల్లి మీదుగా కొవ్వూరు పోయే 16వ నంబరు జాతీయ రహదారి. దక్షిణాన కొల్లేటి చేపల చెరువులు, ఉత్తరాన మెట్ట. ఆ మెట్టలోనే, కామవరపుకోట దాటాక, జీలకర్రగూడెం పక్క కొండలో గుంటుపల్లి బౌద్ధ గుహలున్నాయి. ఇటునుంచి వెళ్లేవాళ్లకు దగ్గరి దారి భీమడోలు, ద్వారకాతిరుమల, కామవరపుకోట. వెంకన్న దర్శనం చేసుకుని గుహలు చూసి సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు. నేను మాత్రం చుట్టుదారే పట్టమంటాను. ముందు ఏలూరు పక్కనున్న పెదవేగి చూడాలి, కొండకు ఆ తర్వాతే వెళ్లాలి. చుట్టూ ఉన్న ఊళ్లను పక్కనబెట్టి చూస్తే ఆ కొండ మనకు తప్పుగా అర్థమవుతుంది.

మెట్లెక్కి చెట్ల మధ్య గుహ ద్వారాలు చూడగానే ఎవరికైనా తోచేది, వీళ్లు లోకాన్ని వదిలి అడవిలో దాక్కున్నారని. కానీ బౌద్ధ సంఘం నియమాలు దీనికి ఒప్పుకోవు. భిక్షువు తన తిండి తాను వండుకోకూడదు. తెచ్చుకున్నది మర్నాటికి దాచుకోకూడదు. మధ్యాహ్నం దాటాక తినకూడదు. అంటే పొద్దున్నే భిక్షాపాత్రతో కొండ దిగి, ఊరు తిరిగి, ఎండ నడినెత్తికి రాకముందే తిని తీరాలి. వర్షాకాలం మూడు నెలలూ ఒకేచోట ఉండిపోవాలన్న నియమానికి ఈ రాతి గదులు బాగా పనికొచ్చేవి. అప్పుడైనా పొట్ట నింపాల్సింది కింది ఊళ్లే. కాబట్టి ఆరామం ఎక్కడుంటే అక్కడికి నడిచి వెళ్లగలిగే దూరంలో, నలుగురికి పెట్టి తాను తినగలిగే ఊరు ఉండి తీరాలి. అమెరికాలో మీసా వెర్డే కొండ చరియల ఇళ్లదీ ఇదే తీరు. లోయ అంచున వేలాడుతున్నట్టు కనిపించే ఆ ఇళ్లవాళ్లు పైనున్న చదును నేల మీద మొక్కజొన్న పండించుకుని బతికారు. దారి తెలియని మనకే అది మారుమూల, వాళ్లకు అది పొలానికి దగ్గర.

ఇక్కడి రాళ్లూ అదే చెబుతాయి. కొండ మీది మండప స్తంభాలపై బ్రాహ్మీ లిపిలో ఒక దాన శాసనం ఉంది. కళింగ, మహిషకాలకు అధిపతి, మహామేఘవాహన వంశీకుడు అయిన సిరిసద మహారాజు దగ్గర లేఖకుడు చూళగోముడు ఆ మండపం ఇచ్చాడని అందులో ఉంది. లేఖకుడంటే రాజు దగ్గర రాతకోతలు చూసే ఉద్యోగి. అలాంటివాడు జనం కాలుపెట్టని చోట మండపం కట్టించి పేరు చెక్కించుకోడు. గట్టు మీద వరసగా ఉన్న చిన్న చిన్న స్తూపాలు మొక్కుబడి స్తూపాలు. వాటి వెనక వచ్చిపోయే యాత్రికులున్నారు, రాయి మోసిన కూలీలున్నారు, ఖర్చు పెట్టుకున్న కుటుంబాలున్నాయి.

అన్నిటికన్నా ఎక్కువసేపు నిలబడి చూడాల్సింది గుండ్రటి చైత్య గుహ. ద్వారం పైన కమాను, దాని కింద వాసాల కొసలు బయటికి పొడుచుకొచ్చినట్టు చెక్కారు. లోపల నడుమ స్తూపం, చుట్టూ ప్రదక్షిణకు ఇరుకైన దారి. తల పైకెత్తితే గోపురంలాంటి కప్పు, దాని అంచు నుంచి నడినెత్తికి చేరే రాతి వాసాలు. రాతిలో తొలిచిన కప్పుకు వాసాల అవసరం లేదు. వడ్రంగి చేతి గుండ్రటి గుడిసెను ఎరిగినవాడు రాతిలోనూ దాన్నే చెక్కాడు. బీహారులోని బరాబర్ గుహల్లోనూ ఈ పద్ధతి కనిపిస్తుంది. ఈ గుహకు నమూనా అడవిలో లేదు, కింద ఊళ్లో ఉంది.

ముందు పెదవేగి, తర్వాతే కొండ అన్న నా మాటకు రెండు అభ్యంతరాలు రావచ్చు. పెదవేగిలో ఏముంది, దిబ్బలేగా అన్నది మొదటిది. నిజమే, చూసినంతలో కళ్లు చెదిరేదేమీ లేదు. పైగా పెదవేగిని ఏలిన శాలంకాయనులు క్రీస్తు శకం 4, 5 శతాబ్దాలవాళ్లు, తొలి గుహలు అంతకు చాలా ముందటివి. కానీ వాళ్లే గుహలు తొలిపించారని నేననడం లేదు. సముద్రగుప్తుడి అలహాబాదు శాసనం శాలంకాయనుల వేంగి రాజు హస్తివర్మను పేరుతో చెప్పింది; ఆ వేంగే నేటి పెదవేగి. అంతటి రాజధానిని నిలబెట్టగలిగిన నేల ఇది. పురావస్తు శాఖ తవ్విన ధనందిబ్బ దగ్గర నిలబడితే, కొండ మీది ఆరామాన్ని శతాబ్దాల పాటు ఎవరు పోషించగలిగారన్న ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది. రెండో అభ్యంతరం ఇంకొంచెం గట్టిది. భిక్షువు కోరుకున్నది నిశ్శబ్దం, దాన్ని ఊరికి ముడిపెడితే కొండ విలువ తగ్గదా అని. తగ్గదు. బుద్ధుడికి వేణువనం ఇచ్చేటప్పుడు మగధ రాజు బింబిసారుడు వెతికిన చోటే ఊరికి మరీ దూరమూ, మరీ దగ్గరా కానిదని వినయ పిటకం చెబుతుంది. గుంటుపల్లి కొలతా అదే. ఆ గుండ్రటి గుహలోని స్తూపాన్నే ఈనాటికీ చుట్టుపక్కల జనం ధర్మలింగేశ్వరుడని కొలుస్తున్నారు. అది బౌద్ధ స్తూపం కదా అని వాళ్లను తప్పుపట్టేవాళ్లున్నారు. ఊరు కొండను వదల్లేదనడానికి నాకు అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

వెళ్లేవాళ్లు వానలు వెనకపట్టాక, నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్యలో పెట్టుకోండి. కార్తీక మాసపు ఆదివారాలు వద్దు, వనభోజనాల సందడిలో శాసనం చదవలేరు. పొద్దున్నే పెదవేగి ముగించుకుని, మంచినీళ్లు, తిండి వెంట కట్టుకుని కొండకు చేరండి. చీకటి గుహలకు చేతిలో ఒక లైటు ఉండాలి. పిల్లల్ని స్తూపాల మీదికి ఎక్కనివ్వకండి, రాతి మీద పేర్లు గీకనివ్వకండి. రెండువేల ఏళ్ల కిందట చెక్కిన ఈ రాయి మెత్తన, గీస్తే మళ్లీ పూడదు.